ఎలుకలకిచ్చే నీళ్ళు

నమోదు 1

ఎలుకల ఇంటి పెద్ద ఏ రోజు ఏం చేసిందో ఆ రోజే రాసి పంపాలని ఆరోగ్య మండలి ఉత్తర్వు. ఎలా రాయాలో ఉత్తర్వులో లేదు. కాబట్టి నాకు నచ్చినట్టు రాస్తాను. వీటిని ఎవరూ చదవరని కూడా నాకు తెలుసు. పోయిన నెల నివేదిక మధ్యలో ములక్కాడ పులుసు ఎలా పెట్టాలో రాస్తే, "అందింది, ధన్యవాదాలు" అని జవాబొచ్చింది.

నా పేరు నాగవేణి. ఎర్రమెట్ట కొండ మీద మిగిలిన ఆఖరి ఎలుకల ఇల్లు నాది. ఇప్పుడు మందులన్నిటినీ ఛాయే పరీక్షిస్తుంది. ఛాయ అంటే యంత్రంలో ఉండే మనిషి. మందు వివరాలు లోపలికి పంపితే ఆ మనిషికి నయమవుతుందో, ప్రాణం పోతుందో పూట తిరక్కుండా చెప్పేస్తుంది. అదే మాట చెప్పడానికి మేం చిట్టెలుకలు పుట్టి, పెరిగి, ముసలివయ్యేదాకా కాచుక్కూర్చుంటాం. అందుకే మండలి భోజనశాలలో నన్ను చూస్తే, కొండను తవ్వి ఎలుకను పట్టిన ఆవిడ వచ్చిందంటారు. అననీ. నాకూ పళ్ళున్నాయి, కొరకాల్సినప్పుడు కొరుకుతాను.

ఈరోజు పని బోనులు మార్చడం. నాతో పనిచేసే ఫిలోమినా, నేనూ కలిసి చేశాం. పిల్లల తల్లిని కొత్త బోనులోకి మార్చేటప్పుడు పాత గూట్లోని పీచు గుప్పెడు తీసి కొత్తదాంట్లో వెయ్యాలి. తన వాసన తగలకపోతే తల్లి బెదిరి పిల్లల్ని తినేస్తుంది. శుభ్రం చెయ్యడానికని మండలి పంపిన యంత్రం ఆ గుప్పెడు పీచునీ చెత్త కింద ఊడ్చేసి, ఒక కాన్పు మొత్తం పోగొట్టింది. ఫిలోమినా దాని తీగ పీకేసి, ఇప్పుడు దాని నెత్తిన తన కేరియరు పెట్టుకుంటోంది.

నమోదు 2

ఆ పోయిన కాన్పు ఎందుకంత ముఖ్యమో రాయాలి.

సముద్రం లంకల మీదికి వచ్చిన రోజుల్లో అక్కడి బావులూ కాలవలూ ఉప్పెక్కిపోయాయి. జనాన్ని పైకి తేవడానికి చోటు లేదన్నారు. నీళ్ళు కిందికి పంపడానికి గొట్టాలు లేవన్నారు. చివరికి లంక తల్లుల కడుపుల్లోని పిల్లల జన్యువుల్లో ఒక మార్పు చేశారు. ఉప్పు నీళ్ళు తాగి బతికే శక్తి. దానికి మండలి పెట్టిన పేరు ఉప్పుబలం. మా అక్క సత్యవేణి, నేనూ ఆ బలంతోనే పుట్టాం. నన్ను చిన్నప్పుడే కొండ బడికి ఎంపిక చేసి తెచ్చేశారు. అక్క లంకలోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ బలంతో పుట్టినవాళ్ళకి నలభై దగ్గర పడేసరికి కాళ్ళూ ముఖమూ వాస్తున్నాయి. లంకల్లో దాన్ని ఉబ్బు అంటారు. మూత్రపిండాలు పాడై చనిపోతారు. దానికి మండలి ఇప్పుడొక మందు తయారుచేసి శోథహరి అని పేరు పెట్టింది. పేర్లు పెట్టడంలో మండలిని మించినవాళ్ళు లేరు.

ఆ మందు కోసమే నేను ఈ లంక ఎలుకల్ని తయారుచేశాను. ఎలుక అండంలోకి వెంట్రుక కన్నా సన్నటి సూదితో లంకవాళ్ళ మార్పునే ఎక్కించాను. ఆ అండాల్ని వేరే ఆడ ఎలుక కడుపులో పెట్టాను. ఎన్ని కాన్పులు వృథా అయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మార్పు నిలిచిన పిల్లని చూడగానే గుర్తుపట్టేలా వెంట్రుకల రంగు కూడా దాంతోపాటే కట్టేశాను. ఉప్పుబలం ఉన్నవి ఎర్రమన్ను రంగులో పుడతాయి, లేనివి నల్లగా.

మనుషుల్ని మార్చే ముందు ఆ మార్పుని ఏ ఎలుక మీదా చూడలేదు. సముద్రం మనకోసం ఆగదు కదా అన్నారట. ముందు మేం, మా తర్వాత ఎలుకలు. ఈ వరస నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నమోదు 3

శోథహరి ఇచ్చిన ఎర్ర ఎలుకలు నిక్షేపంగా ఉన్నాయి. తింటున్నాయి, చక్రం తిప్పుతున్నాయి, కంటున్నాయి. ఛాయ కూడా ఇదే చెప్పింది.

మండలి అధికారి ఉదయభాస్కర్ గారు స్వయంగా వచ్చారు. మర్యాదస్తుడు. బోనుల గదిలోకి వచ్చేటప్పుడు చెప్పులు విప్పమని అడక్కుండానే విప్పుతారు. మా ఎలుకలు ప్రతిసారీ ఛాయ చెప్పిందే చెబుతున్నాయి కాబట్టి ఇక ఈ ఇల్లు అనవసరమని మండలి అనుకుంటోందట. మందు పడవ లంకలకి బయల్దేరగానే మూసేస్తారట. వెళ్ళేముందు, మొదట మందు అందే చోటు గవ్వలంక అనీ, అక్కడి జాబితాలో మా అక్క పేరు తానే పైన పెట్టించాననీ చెప్పారు. నా మీద అభిమానంతోనే చేశారు. నేను కూడా మనస్ఫూర్తిగానే దణ్ణం పెట్టాను.

నమోదు 4

అక్క వచ్చింది. మందు తీసుకునే ముందు చెల్లెల్ని చూసిపోదామని. మెట్లు ఎక్కలేకపోతే ఫిలోమినా కుర్చీలో కూర్చోబెట్టి మోయించింది. నాకన్నా రెండేళ్ళే పెద్దది. పక్కన నిలబడితే మా అమ్మనుకుంటారు. పాదాలు వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

లంకవాళ్ళు ఎక్కడికెళ్ళినా తమ నీళ్ళు తమతోనే తెచ్చుకుంటారు. అక్క కూడా కాలవ నీళ్ళ కేనులు రెండు తెచ్చుకుంది. కొండ నీళ్ళు తాగి చూడమని గ్లాసుతో ఇస్తే ఒక గుక్క పుక్కిలించి పారబోసింది.

"ఇయ్యేం నీళ్ళే నాగూ. చప్పగా చచ్చాయి. గొంతు దిగట్లేదు."

బోనుల గది చూపించాను. ఎర్ర ఎలుకలకి కూడా మనకున్న ఉప్పుబలమే ఉందని చెబితే నమ్మలేదు. వంగి చాలాసేపు చూసింది. ఒకటి వెనక్కాళ్ళ మీద లేచి నీళ్ళ గొట్టం చప్పరిస్తోంది. గొట్టం పైన సీసా, సీసా పైన మా నీటి యంత్రం. వడకట్టి, కాచి, మళ్ళీ వడకట్టిన నీళ్ళు తప్ప ఎలుకకి ఇంకేవీ పట్టకూడదన్నది అన్ని ఎలుకల ఇళ్ళలోనూ మొట్టమొదటి నియమం. చేరినరోజే నేర్పుతారు.

"ఎంత నున్నగా ఉన్నాయో చూడు," అంది అక్క. "అచ్చం నీలాగే."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకూ అక్కకీ ఒకే రక్తం, ఒకే మార్పు. నాకు ఉబ్బు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నేను కొండ నీళ్ళు తాగి పెరిగాను. నా ఎలుకలూ అవే తాగుతున్నాయి. ఛాయకి పాఠం చెప్పింది ఇలాంటి ఇళ్ళ లెక్కలూ, కొండ మీది మనుషుల లెక్కలే. ఇంతకాలం అందరం కలిసి మందుని నా మీదే పరీక్షించాం. అక్క మీద ఇప్పటికీ ఎవరూ పరీక్షించలేదు.

అక్క వెళ్ళేటప్పుడు మిగిలిన కేనుని బతిమాలి ఉంచేసుకున్నాను. ఉప్పు మీద మోజు పుట్టిందా అని ఎగతాళి చేసింది.

నమోదు 5

ఈ రోజు కొన్ని ఎర్ర ఎలుకల సీసాల్లో, కొన్ని నల్లవాటి సీసాల్లో కాలవ నీళ్ళు పోశాను. ఫిలోమినా అడ్డం నిలబడింది. నియమం తప్పితే ఫలితం చెల్లదనీ, తన ఉద్యోగం కూడా పోతుందనీ అంది. రెండూ నిజమే. అక్క పాదం మీద పడ్డ గుంట చూశావు కదా అన్నాను. సీసాల మూతలు తనే తిప్పింది. కేను అయిపోతే ఎండుచేపల పడవవాళ్ళ చేత మళ్ళీ తెప్పించే పూచీ కూడా తీసుకుంది.

ఉదయభాస్కర్ గారూ, ఇది చదువుతుంటే వచ్చి ఆపండి. (ఎవరూ రాలేదు.)

నమోదు 6

నల్లవి చిక్కిపోయాయి, దాహంతో గొట్టాలు వదలడం లేదు, కానీ వాపు లేదు. ఎర్రవాటికి పొట్టలు ఉబ్బాయి. కళ్ళ కింద తిత్తులు. బోను తలుపు తీస్తే అక్క ముఖమే కనిపిస్తోంది. లంక ఎలుకలని పేరు పెట్టాను గాని, ఇవి నిజంగా లంక ఎలుకలైంది ఇప్పుడే.

వాటిలో కొన్నిటికి శోథహరి ఇచ్చాను.

నమోదు 7

వాపు తగ్గింది. ఇంత తొందరగా తగ్గుతుందని నేనూ అనుకోలేదు. ఉబ్బిన ఎలుకలు మళ్ళీ చక్రం ఎక్కాయి. ఫిలోమినా సిలువ వేసుకుని దేవుడికి స్తోత్రం అంది. నేను కూడా, ఛీ, అనవసరంగా అనుమానపడ్డానని నన్ను నేనే తిట్టుకున్నాను.

నమోదు 8

పోయాయి. మందు పడ్డ ఎర్రవి అన్నీ. మూత్రం ఆగిపోయింది, ఒళ్ళు చల్లబడింది, అంతే. కోసి చూస్తే మూత్రపిండాలు ఎండు చింతపిక్కల్లా ఉన్నాయి. మందు ముందు వాపు తీసి, పండగ చేసుకునే వ్యవధి ఇచ్చి, ఆపైన చంపుతోంది.

కొన్ని ఎర్రవాటికి ముందు నీళ్ళు మార్చాను. కొండ నీళ్ళు తాగించి, ఒళ్ళు కాస్త తేరుకున్నాక మందిచ్చాను. అవి బతికాయి. బతకడమే కాదు, మళ్ళీ నున్నబడ్డాయి. అంటే మందు చెడ్డది కాదు. ఆ నీళ్ళ మీద ఆ మందు పడకూడదు.

నమోదు 9

మండలికి వెళ్ళి ఉదయభాస్కర్ గారి బల్ల మీద అన్నీ పెట్టాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, ఎలుకలకి ఏ నీళ్ళు పోశారని అడిగారు. చెప్పాను.

"అవి కలుషితమైన నీళ్ళండి. నియమం ప్రకారం ఈ ఫలితం చెల్లదు."

"ఆ నీళ్ళే మా అక్క తాగుతుందండి."

"మీ అక్కగారు ప్రయోగశాలలో లేరు కదా, నాగవేణిగారూ."

వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకున్నారు. అదే నాకు ఒళ్ళు మండించింది. ఉప్పు నీళ్ళ లంకకి మందు పంపుతూ, ఆ నీళ్ళు ఎరగని ఎలుకని సాక్ష్యానికి పిలిచే తెలివి మనకి తప్ప ఎవరికి వస్తుందండీ అని గట్టిగానే అడిగాను. పోనీ ముందు నీళ్ళే పంపమన్నాను. కొండ నుంచి లంకలకి నీటి గొట్టం సంగతి తాను చేరక ముందు నుంచీ చర్చల్లోనే ఉందట. మందు అయితే తయారుగా ఉందట.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. నీళ్ళ నియమం ఉల్లంఘించినందుకు ఎలుకలన్నిటినీ నొప్పి తెలియకుండా నిద్రపుచ్చి, ఇల్లు ఖాళీ చేసి, తాళం అప్పగించాలి. అమావాస్య వెళ్ళగానే మందు పడవ బయల్దేరుతుంది.

నమోదు 10

ఇల్లు ఖాళీ చేశాను. తాళం అప్పగించాను. ఉత్తర్వులో ఆ రెండూ పాటించాను.

ఇది ఎండుచేపల పడవలో కూర్చుని రాస్తున్నాను. చుట్టూ మావిడిపళ్ళ బుట్టల్లాంటి బుట్టలు. వాటిలో పళ్ళు లేవు. చట్టం మొత్తం చదివింది ఫిలోమినా. నమోదైన ఎలుకల ఇంట్లో ఎలుకలు ఎలా ఉండాలో, ఏం తాగాలో, ఎలా చావాలో అన్నీ ఉన్నాయట. మామూలు ఇళ్ళలో ఉండే ఎలుకల గురించి ఒక్క ముక్క లేదట. "ఎలకల్లేని ఇల్లు ఉండాలని ఏ చట్టంలో ఉంది మేడంగారూ," అంటోంది. ప్రతి బుట్టలోనూ పాత గూటి పీచు గుప్పెడు వేశాం. పిల్లలన్నీ భద్రంగా ఉన్నాయి.

నమోదు 11. గవ్వలంక

అక్క నన్ను చూసి సంతోషించింది, నా మాట విని మండిపడింది. మందు వద్దని చెప్పడానికి ఇంత దూరం వచ్చావా అంది. ఎన్నాళ్ళుగా ఆ మందు కోసం ఎదురుచూస్తోందో నాకు తెలుసు.

"నీకు మంచినీళ్ళున్నాయి కాబట్టి ఆగమంటన్నావు. నా కాళ్ళు నీకుంటే ఆగుతావేంటే?"

కుండలో కాలవ నీళ్ళు ముంచుకుని తాగాను. తాగితే గొప్పదానివైపోతావా అంది. కాను. అయినా రోజూ అవే తాగుతానని చెప్పాను. అక్క మూతి తిప్పుకుని, ఆ ఎలకల్ని ఎండలోంచి లోపల పెట్టమంది.

మర్నాటికి ఇంటికో జత చొప్పున ఇచ్చేశాం. వద్దంటారేమోనని భయపడ్డాను. లంకవాళ్ళు అడిగింది ఒకటే, ఎర్రవి నిజంగా మనవాళ్ళేనా అని. అవునన్నాను. దాంతో లంకలో పిల్లులన్నిటికీ మెడకి తాళ్ళు పడ్డాయి. పిల్లికి ప్రాణసంకటం, ఎలుకకు చెలగాటం అన్నమాట.

నమోదు 12

కొండ మీద మిగిలిన కొంచెం మందు నా సంచిలో ఉంది. అక్క ఇంట్లోని ఎర్రదానికి ఈ నీళ్ళకి ఒళ్ళు వాచాక, అక్క చేతే ఆ మందు వేయించాను.

వాపు తగ్గింది. ఎలుక చక్రం లేక బుట్ట అంచు చుట్టూ పరుగులు తీసింది. అక్క వీధివాళ్ళందరినీ పిలిచి చూపించి, మా చెల్లి కొండ మీద చదివిన చదువు ఇదీ అని నవ్వింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అంత కష్టమైన పని నా జీవితంలో చెయ్యలేదు.

ఆ తర్వాత ఎలుక పడుకుంది. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని కొబ్బరి కోరు తినిపించబోయింది. తినలేదు. పోయాక తనే పెరట్లో ములగచెట్టు కింద గొయ్యి తీసింది. ఇప్పుడు వంగలేక, కూర్చునే తీసింది. మట్టి కప్పింది. నేను పక్కన కూర్చుంటే, వాచిన చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"ముందు నవ్వించి చంపుద్దన్నమాట," అంది.

నాకు ఏడుపొచ్చింది. అక్క ఏడవలేదు. లేచి, ఇంటింటికీ కబురు చెప్పడానికి కర్ర పుచ్చుకుని బయల్దేరింది.

నమోదు 13

మండలి పడవ వచ్చింది. ఉదయభాస్కర్ గారు రేవులో బల్ల వేయించుకుని జాబితా తెరిచి మొదటి పేరు పిలిచారు. సత్యవేణి.

అక్క వెళ్ళింది. ఎలుక బుట్ట తీసుకుని వెళ్ళి బల్ల మీద పెట్టింది. ఆమె వెనక లంక ఆడవాళ్ళందరూ ఎవరి బుట్ట వాళ్ళు తెచ్చి గట్టు పొడుగునా పెట్టారు. ఉబ్బిన ఎర్రవి, చిక్కిన నల్లవి. గట్టంతా ఎలుకల కిచకిచలే.

ఆయన నన్ను పక్కకి పిలిచి, మీరు వీటిని చంపలేదన్నమాట అన్నారు. ఇల్లు ఖాళీ చేశానని రాశానండి, చంపానని ఎక్కడా రాయలేదన్నాను. దారిలో నా నమోదులు చదివానని చెప్పారు. మొదటి నుంచీ. ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. అయినా మందు ఇవ్వడమే తన పని అనీ, నీళ్ళు తన చేతిలో లేవనీ అన్నారు. అది అక్కకి వినబడింది.

"మందు వద్దని అనట్లేదండి మేం," అంది అక్క. గొంతు పెంచలేదు. "కొండ మీద ఈ ఎలకలకి వడకట్టి, కాచి, మళ్ళీ వడకట్టి పోశారంట కదా. ఆ నీళ్ళే మాకూ పొయ్యండి. ఎలకలకిచ్చిన నీళ్ళు మాకిచ్చినాక, మీరేం ఇచ్చినా తాగుతాం."

ఆయన జాబితా మీద చెయ్యి పెట్టారు. రెండో పేరు పిలవలేదు. పిలిచినా ఎవరూ కదిలేవారు కాదు. పడవలో సిబ్బంది తాగడానికి తెచ్చుకున్న కొండ నీళ్ళ డ్రమ్ములు వరసగా ఉన్నాయి. ముందు ఫిలోమినా ఎక్కింది, ఆమె వెనక నలుగురు ఆడవాళ్ళు. ఒక్కో డ్రమ్మే దొర్లించి గట్టు మీదికి దించారు. కాపలావాళ్ళు ఉదయభాస్కర్ గారి వైపు చూశారు. ఆయన వంగి చెప్పులు విప్పి, గట్టు వెంట ఒక్కో బుట్ట దగ్గరా ఆగి ఎలుకల్ని చూస్తూ ఆ చివరికంటా నడిచారు. డ్రమ్ముల సంగతి ఆయన ఎత్తలేదు.

పడవ మందుతో తిరిగి వెళ్ళింది. నీళ్ళు ఇక్కడే ఉన్నాయి.

నమోదు 14

డ్రమ్ముల నీళ్ళు బాగా ఉబ్బినవాళ్ళకే పోస్తున్నాం. అక్క రోజూ ముఖం వికారంగా పెట్టి తాగుతోంది. నిన్న గ్లాసులో చిటికెడు ఉప్పు కలుపుకుంటుంటే పట్టుకుని నానా తిట్లూ తిట్టాను. ఈ చప్పనీళ్ళు తాగి బతికేకన్నా అంటూ మొదలుపెట్టి, ఎలుక బుట్టకేసి చూసి ఆపేసింది. ఈ ఉదయం పాదం మీద నొక్కితే గుంట కాస్త తొందరగా పూడింది. కాస్తే. డ్రమ్ములు అడుగంటుతున్నాయి.

మండలి వారికి ఇక చెప్పేది. ఎలుకల ఇల్లు మూసేశామని మీరు రాసుకోవచ్చు. ఇక్కడ ఇంటింటా ఒకటి ఉంది, ఎలుకలు పిల్లలు కూడా పెడుతున్నాయి. వచ్చి లెక్క చూసుకోండి. రాకపోయినా రోజూ రాసి పంపుతాను, నీటి గొట్టం గవ్వలంక చేరేదాకా.

ఆ డ్రమ్ముల్లో నాకు వాటా లేదు, నేను అడగలేదు. వచ్చినప్పటి నుంచీ కాలవ నీళ్ళే తాగుతున్నాను. ఉప్పుబలం ఉండి, కొండ నీళ్ళతో పెరిగి, లంక నీళ్ళకి మారిన మనిషిని మీ ఛాయ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూడమనండి. ఈ పొద్దున నా చెప్పులు కాళ్ళకి పట్టలేదు. అది కూడా రాసుకోండి.